ఇరవై నాలుగో వరుస

గంగమ్మ మత్స్యకారుల సంఘంలో బోటు నీళ్ల మీద ఉండగా బోర్డు తుడవకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. రాసిపెట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాళ్లు. సుష్మ తాతల తరం శ్రీకాకుళం తీరంలో ఓడెక్కి అండమాన్‌లో దిగినప్పుడు వెంట తెచ్చుకున్నవి వలలూ, భయాలూ. వలలు ఏనాడో చిరిగిపోయాయి. సంఘం షెడ్డులో ఒక నల్లబోర్డు ఉండేది. వేకువన ఏ బోటు వెళ్లిందో సుద్దముక్కతో రాసేవారు, తిరిగొచ్చిన బోటు పక్కన అడ్డగీత కొట్టేవారు. ఆఖరి బోటు గట్టుకు తగిలేదాకా దాని మీద తడిగుడ్డ పడేది కాదు. ఎప్పుడో ఒక కొత్తకోడలు శుభ్రం చేస్తున్నాననుకుని మధ్యాహ్నమే తుడిచేసిందట. ఆ తర్వాత ఆమె బతికున్నంతకాలం ఆ వాడలో ఎవరూ ఆమెకు చీపురు కూడా అరువివ్వలేదని చెప్పుకుంటారు.

అలాంటి సంఘానికి కంప్యూటర్ వచ్చింది. ఏదో ఆఫీసువాళ్లు పారేయడానికి మనసొప్పక దానం చేసిన పాత యంత్రం అది. సంఘం కార్యదర్శి గవరయ్య దాన్ని బోర్డు ఉన్నచోటే పెట్టించి, పసుపు బొట్టు పెట్టి, తన మేనకోడలికి ఫోన్ చేశాడు.

"నువ్వు చదివింది ఇదే కదేటే గుంటా. వచ్చి దీనికి మాటలు నేర్పు."

సుష్మ బీసీఏ చదివింది. పట్టా బతు బస్తీలోని ఇంట్లో బీరువాలో, పట్టుచీర కింద ఉంది. రెండూ పెళ్లిళ్లప్పుడే బయటికి వస్తాయి, చీర ఒంటి మీదికి, చదువు మాటల్లోకి. మావయ్య ఫోన్ పెట్టేయకముందే ఆమె సరే అనేసింది.

ఆ యంత్రానికి బొమ్మలు రావు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. నిలువునా ఇరవై నాలుగు వరుసలు, అడ్డంగా ఎనభై అక్షరాలు. వంటింటి అరలో డబ్బాలు సర్దినట్టు సర్దింది సుష్మ. మొదటి వరుసలో సంఘం పేరు, రెండో వరుసలో గీత, మూడో దాంట్లో శీర్షికలు. తర్వాత ఇరవై బోట్లకు ఇరవై వరుసలు. సముద్రంలో ఉన్న బోటు ఎర్రగా, చేరిన బోటు పచ్చగా, పక్కన చేరిన టైము. అక్షరాలు ఇంగ్లీషువి. యంత్రానికి తెలుగు రాదు, వాడలో కుర్రకారుకు కూడా మాట్లాడటమే తప్ప చదవడం రాదు కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు. అన్నీ సర్దాక అడుగున ఒక్క వరుస మిగిలింది. ఇరవై నాలుగోది.

చిక్కంతా కరెంటుతో వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో కరెంటు అత్తింటికొచ్చిన అల్లుడిలాంటిది, ఎప్పుడు అలుగుతుందో చెప్పలేం. అది పోయి వచ్చినప్పుడల్లా ఈ ముసలి యంత్రం తన పట్టీ తాను సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు తీసుకునేది. అంతసేపూ తెర నల్లగా ఉండేది. నల్లగా ఉందంటే బోర్డు తుడిచినట్టే. మూడోసారి అలా జరిగేసరికి ఆడవాళ్లంతా కలిసి షెడ్డుకొచ్చి, గవరయ్య వంశంలో గతించినవాళ్లను కూడా వదలకుండా పలకరించి వెళ్లారు.

సుష్మకు ఒక పాత విద్య గుర్తుకొచ్చింది. తెర మీద ఉన్న అక్షరాలన్నిటినీ రంగులతో సహా ఒక ఫైల్లో దాచెయ్యవచ్చు. యంత్రం మళ్లీ లేవగానే వాటిని ఉన్నవి ఉన్నట్టు తెర మీద పరిచెయ్యవచ్చు. చాప చుట్టి మళ్లీ పరిచినట్టే. కాకపోతే చాప మీద కూర్చున్న మనుషులు ఫైల్లోకి రారు. అందుకే ఇరవై నాలుగో వరుసలో పసుపురంగుతో రాసింది: ఇది దాచిన తెర, అసలు పట్టీ కోసం ఎఫ్5 నొక్కండి.

ఒక నెల బాగానే గడిచింది. ఒకరోజు సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి తెర మీద దాచిన ఎరుపులే మళ్లీ పరుచుకున్నాయి. అప్పుడే షెడ్డులోకి అడుగుపెట్టిన కాసులమ్మ, తన కొడుకు బోటు ఎర్రగా కనబడటం చూసి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ కొడుకు ఆమె వెనకాలే నిలబడి వేరుశనక్కాయలు తింటున్నాడు.

మర్నాడు గవరయ్య స్వయంగా సుష్మ ఇంటికొచ్చాడు. టీ తాగాడు. ఎర్ర తెర అశుభమనీ, కరెంటు రాగానే పచ్చటి తెర కనబడాలనీ అన్నాడు. అన్ని బోట్లూ క్షేమంగా చేరిన రోజు తెర ఒకటి దాచి, ఎప్పుడూ అదే పరచమన్నాడు. అది ఆ రోజుది కాకపోతేనేం, చూసినవాళ్ల ప్రాణం కుదుటపడుతుంది, ఈలోగా అసలు పట్టీ వచ్చేస్తుంది.

"చేస్తాను మావయ్యా. కింద హెచ్చరిక ఎలాగూ ఉంది."

"అదే వొద్దంటన్నాను. పెళ్లిపత్రిక అచ్చేసి కింద జాతకాలు కలవలేదని రాస్తారేటే?"

సుష్మ అభ్యంతరం చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగేంతసేపు చెప్పింది. ఆమె పాలు దించి వచ్చేసరికి గవరయ్య ఇంకో మాట సిద్ధంగా ఉంచాడు.

"ఆ వరసలో నీ పేరెట్టుకో. ఇంత చేసినావు, పేరు నేకపోతే ఎలగ?"

ఇంట్లో రేషన్ కార్డు మీద ఫలానావారి భార్య అని ఉంటుంది. కరెంటు బిల్లు మీదా, గ్యాస్ పుస్తకం మీదా మొగుడి పేరే. సుష్మ పేరు ఆఖరిసారి అచ్చులో కనబడింది శుభలేఖలో, అదీ వరుడి పేరు కింద. ఆమె ఆ మధ్యాహ్నమే షెడ్డుకు వెళ్లి పసుపురంగు హెచ్చరిక తీసేసి, తెల్లటి అక్షరాలతో 'రూపకల్పన: సుష్మ' అని ఇంగ్లీషులో పెట్టింది. ఒక్క అడుగు వెనక్కి వేసి చూసుకుంది. బాగుంది.

గుమాస్తా శివాజీకి మాత్రం ఎఫ్5 సంగతి నోటితో చెప్పింది. శివాజీ "జీ దీదీ" అన్నాడు. శివాజీ జీ అన్నాడంటే విన్నాడని అర్థం, బుర్రకెక్కించుకున్నాడని కాదు.

నాలుగు నెలలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని సుష్మ తన తెలివికింద జమకట్టుకుంది.

పదిహేడో నంబరు బోటు సుష్మ తమ్ముడు నాగరాజుది. తల్లి సింహాచలమ్మతో, భార్య మంజుతో అతను రెండు సందుల అవతలే ఉంటాడు. ఆ గురువారం వేకువన అతను, సహాయకుడు మల్లేశు కలిసి సూరచేపల కోసం వెళ్లారు. ఇరవై బోట్లలో పంతొమ్మిది వెళ్లాయి. అప్పలరాముడి తొమ్మిదో నంబరును మాత్రం రంగు వేయడానికి ఒడ్డుకు లాగి, కొబ్బరి దుంగల మీద బోర్లించారు.

పన్నెండింటికి కరెంటు పోయింది. ఫ్యాను తిరగని చోట పని చేయనని ఒట్టేసుకున్న శివాజీ ఇంటికి పోయి పడుకున్నాడు. నాలుగున్నరకు కరెంటు వస్తే అతనూ వచ్చాడు. అప్పటికే బోట్లు జెట్టీకి కట్టి ఉన్నాయి, తెరంతా పచ్చగా ఉంది. కార్యదర్శిగారే టైములు ఎక్కించేశారు కాబోలనుకుని కుర్చీలో కూర్చున్నాడు. పావుగంటకు గవరయ్య వచ్చాడు. తెరంతా పచ్చగా ఉండటం చూసి, శివాజీ ఇన్నాళ్లకు మనిషయ్యాడనుకున్నాడు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం కలగడం ఆ సంఘం చరిత్రలో అదే మొదటిసారి. పైడిబాబు అనే, బోటు నడిపే సరంగు వచ్చి జెట్టీ దగ్గర పదిహేడు కనబళ్లేదేమని అడిగాడు. శివాజీ వేలితో తెర చూపించాడు. చేరింది, మూడు నలభై. ఐసు కోసం అవతలి జెట్టీకి పోయుంటాడన్నాడు. పైడిబాబు తన కళ్లను నమ్మడం మాని ఇంటికి వెళ్లిపోయాడు.

అయిదింటికి మంజు సంఘం వాట్సాప్ గ్రూపులో అడిగింది, పదిహేడు వచ్చిందా అని. శివాజీ తెరను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టాడు. బొమ్మకు బొమ్మ. బతు బస్తీలో కూర తిరగమోత పెడుతున్న సుష్మ కూడా ఆ ఫోటో తెరిచింది. రెండు వేళ్లతో పెద్దది చేసింది. పెద్దది చేసింది అడుగు వరుసని. తన పేరు కొంచెం మసకగా పడింది, శివాజీ చెయ్యి వణికినట్టుంది.

ఈ దీవుల్లో అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. నాగరాజు ఇంటికి రాలేదు. మూడు నలభైకి చేరినవాడు ఇంటికి రాలేదంటే ఎక్కడున్నాడో వాడలో ఎవరినీ అడగక్కర్లేదు. క్రితం వారమే అతను ఒడ్డు నుంచి తిన్నగా సీసా దగ్గరికి పోయి, ఎనిమిదింటికి పాటలు పాడుకుంటూ వచ్చాడు. మంజు రెండుసార్లు ఫోన్ చేసింది. పలకలేదు. స్విచాఫ్ చేసుకుని తాగుతున్నాడని సింహాచలమ్మ తీర్పు చెప్పింది. మల్లేశు కోసం అడిగేవాళ్లు లేరు. రంగత్ నుంచి పనికోసం వచ్చి ఒంటరిగా ఉంటున్నాడు.

సుష్మ కూర గిన్నె పట్టుకుని పుట్టింటికి వెళ్లేసరికి వసారాలో ఇరుగుపొరుగు పోగై ఉన్నారు. నాగరాజును అందరూ తలో మాటా ఆడిపోసుకుంటున్నారు. మెట్టు మీద అప్పలరాముడు కూర్చుని చేతులకంటిన నీలిరంగును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నావు బావా అని సుష్మ అతన్ని ఎగతాళి చేసింది. అతను బోటుకు పెళ్లి చేసి వచ్చానన్నాడు. అందరూ నవ్వారు. మంజు ఒక్కతే నవ్వలేదు, గుమ్మంలో నిలబడి రోడ్డు వైపే చూస్తోంది.

"ఎంతసేపని సూస్తాం వదినా? అన్నం సల్లారిపోతంది."

"చూడకు," అంది సుష్మ. "తలుపు గడియ పెట్టీసి పడుకో. వచ్చి కొట్టినా తియ్యకు. ఒక్క రాత్రి బయట సముద్రం గాలికి పడుంటే బుద్ధొస్తాది వాడికి."

మాట బాగా పేలింది. సింహాచలమ్మ కూడా నవ్వింది. మంజు లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి మంజు సుష్మ ఇంటి తలుపు తట్టింది. మొహంలో కోపం లేదు. కోపం రాత్రే ఎప్పుడో అయిపోయినట్టుంది. రాలేదు వదినా అంది. సుష్మ ఆమెకు ధైర్యం చెప్పడానికి ఫోన్ తీసి నిన్నటి ఫోటో చూపించింది. ఇదిగో పదిహేడు, మూడు నలభై, నా తమ్ముడు భూమ్మీదే ఉన్నాడు.

ఈసారి చూపు అడుగు వరుసకు పోలేదు. పైనుంచి కిందికి వచ్చింది. తొమ్మిది దగ్గర ఆగింది. తొమ్మిదో నంబరు, అప్పలరాముడు, చేరింది, నాలుగు అయిదు.

తొమ్మిది నిన్నంతా దుంగల మీద బోర్లా పడి ఉంది. రంగు అప్పలరాముడి చేతులకు ఉంది.

ఆటో కోసం ఆగలేదు. బతు బస్తీ నుంచి షెడ్డు దాకా ఇద్దరూ పరుగెత్తారు. శివాజీ అప్పుడే తలుపు తీస్తున్నాడు. తెర ఇంకా పచ్చగానే ఉంది. సుష్మ ఎఫ్5 నొక్కింది.

తెరంతా ఎర్రబడింది. పంతొమ్మిది బోట్లు, పంతొమ్మిది ఎర్ర వరుసలు. పచ్చ తెర చూసి నిన్న ఎవరూ ఏమీ ఎక్కించలేదు కాబట్టి, ఆ ప్రోగ్రాముకు తెలిసింది ఇంతే: అందరూ వెళ్లారు, ఎవరూ రాలేదు. ఆ ఎరుపులో నాగరాజు ఎవరో చెప్పడం దానికి చేతకాలేదు. ఆ పూట ఇంకా కట్టు విప్పని బోట్లు కిటికీ బయట ఊగుతున్నాయి. ఎనభై అక్షరాల తెర కట్టిన మనిషి జెట్టీ మీద నిలబడి బోట్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. పద్దెనిమిది. దుంగల మీద ఒకటి.

గవరయ్య ఫోన్లు చేశాడు. బోట్లు బయల్దేరాయి, గస్తీ ఓడ ఒకటి కదిలింది. పదకొండింటికి పదిహేడు దొరికింది. వాళ్లు అనుకున్నంత దూరం కూడా కొట్టుకుపోలేదు.

మల్లేశు చెప్పిన సంగతి ఇది. గురువారం మూడింటికి తెగిన వల ఒకటి బోటు అడుగున నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. సిగ్నల్ లేదు. చీకటి పడ్డాక దీపస్తంభం వెలుగు కనబడుతూనే ఉంది. కిందికి దిగి వల కోద్దామని మల్లేశు అంటే, చీకట్లో దిగొద్దని నాగరాజే ఆపాడు. తొందరేం లేదన్నాడు. తెల్లారి ఏడైనా ఎవరూ రాకపోయేసరికి అతనే కత్తి తీసుకుని దిగాడు. అల ఎత్తి పడేసినప్పుడు బోటు అడుగు తలకు తగిలింది. మల్లేశు పైకి లాగేసరికి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడింటికి సుష్మ జెట్టీ మీదే ఉంది, బోట్లకు డీజిల్ పోయిస్తోంది.

"రాత్రంతా ఒకే మాట దీదీ," అన్నాడు మల్లేశు, ఆమె వంక చూడకుండా. "అక్క కంప్యూటర్లో మనం ఎర్రగా ఉంటాం భాయ్, చూసి వస్తారు, అని."

పది రోజుల తర్వాత విచారణకు ఒక అధికారి వచ్చాడు. షెడ్డు నిండా జనం. కరెంటు ఆపి మళ్లీ వేయించి, ఏం కనబడుతుందో చూపించమన్నాడు. పచ్చ తెర వచ్చింది. ఆయన వంగి పైనుంచి కిందికంతా చదివి, ఇది ఎవరు చేశారని అడిగాడు. గవరయ్య చేత్తో ఇరవై నాలుగో వరుస చూపించాడు. ఆ తెర మీద సంఘం కార్యదర్శి పేరు లేదు, గుమాస్తా పేరు లేదు. సుష్మ పేరుంది.

అక్కడ ముందు హెచ్చరిక ఉండేదని సుష్మ చెప్పింది. ఏదీ అని అడిగాడు ఆయన. ఎవరు తియ్యమన్నారో చెప్పబోయి మావయ్య వంక చూసింది. గవరయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు, మేనల్లుడు పోయిన మనిషి మరి. శివాజీని అడిగితే తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. రాసి ఉంటే చదివేవాణ్ణే కదా సార్ అన్నాడు. అందులో సగం నిజం. అధికారి తెర చూసి సుష్మ పేరు తప్పుల్లేకుండా రాసుకున్నాడు. శుభలేఖ తర్వాత ఆమె పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి అవుతుంది.

సింహాచలమ్మ ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. సుష్మ తెచ్చిన కూర గిన్నెను మాత్రం తోమించి, బోర్లించి, మనిషి చేత తిప్పి పంపింది.

నెల తిరిగాక గవరయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గుంటా అనలేదు, సుష్మా అన్నాడు. షెడ్డులో శివాజీ ఇప్పుడు కరెంటు వచ్చినప్పుడల్లా ఎఫ్5ను డప్పు కొట్టినట్టు కొడుతున్నాడు, కానీ ముందు ఆ పాత పచ్చ తెర రావడం ఆగలేదు. అన్ని బోట్లూ చేరినరోజు తెరే దాచాలని కదా ఏర్పాటు. పదిహేడు చేరని పట్టీలో కొత్త పచ్చ తెర పుట్టదు. అందుకే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నాగరాజు మూడు నలభైకి ఒడ్డు చేరుతూనే ఉన్నాడు.

అది చెరిపెయ్యాలన్నాడు గవరయ్య. ఇకమీదట దాచే తెరల మీద హెచ్చరిక కూడా పెట్టమన్నాడు. సుష్మ చోటు లేదంది.

"ఎందుకు నేదు? పదిహేడు కొట్టీసేం కదా. ఒక వరస కాళీ అయింది. అందులో ఎట్టు." కాస్త ఆగి, ఉపకారం చేస్తున్నవాడి గొంతుతో కలిపాడు. "నీ పేరు తియ్యక్కర్లేదు. ఇప్పుడు రెండూ పడతాయి."

మర్నాడు పొద్దున సుష్మ షెడ్డుకు వెళ్లి కుర్చీలో కూర్చుని, పదిహేడో నంబరు వరుసను తీసేసి, అక్కడ పసుపురంగు వాక్యం రాసింది. ఇది దాచిన తెర. సరిగ్గా సరిపోయింది. అప్పుడే పదిహేడో బోటు కాగితాలు ఒప్పజెప్పడానికి మంజు వచ్చింది. కాగితాలు గవరయ్యకిచ్చి, చెప్పినచోట సంతకం పెట్టింది. ఆయన వాటిని బీరువాలో పెట్టుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. మంజు వెళ్లలేదు. వచ్చి సుష్మ కుర్చీ వెనక నిలబడింది.

"ఆ పాత తెర ఉందా వదినా, తీసీసేవా?"

"ఉంది. తీసేద్దామనే..."

"ఒకసారి తే. సూస్తాను."

సుష్మ తెచ్చింది. ఇరవై బోట్లూ పచ్చగా పరుచుకున్నాయి. మంజు వేలు తెరకు ఆనించి, ఒకటో నంబరు నుంచి వరుసగా దించుకుంటూ వచ్చింది. పదిహేడు దగ్గర ఆపలేదు, మిగతావాటి మీద ఉంచినంతసేపే ఉంచింది. ఇరవై దాటి అడుగుకు వచ్చాక అక్కడ ఆపింది.

"నీ పేరు బాగా కనబడతంది వదినా."

సుష్మ మీటల వైపు తిరిగింది.

"ఇందులో అందరూ వచ్చీసేరు కదా," అంది మంజు. "మరి తుడవొచ్చు. నువ్వే తుడు. నేను సూస్తాను."

సుష్మ చెరిపేసే మీట నొక్కింది. నిజంగా చెరపాలా, అవునా కాదా అని ప్రోగ్రాము అడిగింది. ఎవరైనా పొరపాటున చెరిపేస్తారేమోనని ఆ ప్రశ్న తనే పెట్టింది, మొదటి వారంలో, ఎంతో ముందుచూపుతో. వెనక మంజు ఊపిరి మెడకు తగులుతోంది. అవును అని నొక్కింది.

తెర నల్లబడింది. పరచడానికి దాచినది ఇక ఏదీ లేదు కాబట్టి నల్లగానే ఉండిపోయింది. దాచిన తెర చెరిపినా కరెంటు పోయి వచ్చినట్టే లెక్క, యంత్రం పట్టీ సరిచూసుకోవడానికి ఎప్పట్లాగే అయిదు నిమిషాలు తీసుకుంది. అంతసేపూ మంజు కదల్లేదు, సుష్మను కదలనివ్వలేదు. అప్పుడు టైము పదకొండు. పంతొమ్మిది బోట్లు నీళ్ల మీద ఉన్నాయి.